బండికంటె ముందు నడచు వార్త

రైలుబండి నడచుటకు ఏమేమి కావలెనని యడిగినచో మనలో పలువురు ఇనుప పట్టాలు, ఇంజను, బొగ్గు లేదా విద్యుచ్ఛక్తి, నేర్పరియైన డ్రైవరు అని లెక్కించి చెప్పుదురు. ఈ లెక్కలో మఱపున పడిపోవునది యొకటి కలదు. అది మాట. ఇచ్చటినుండి బండి బయలుదేరనున్నదని పై స్టేషనుకు ముందుగా చేరవలసిన మాట, దారి నిష్కంటకముగా నున్నదని అచ్చటినుండి తిరిగి రావలసిన మాట. ఇంజను చెడినచో బండి యాగును. మాట చెడినచో బండి యాగదు. అపాయమంతయు ఇందే యున్నది. ఈ మాటను మొదట తంతిమీదను, పిదప గాలిలోను నడపిన విద్య యెట్లు పెరిగినదో, ఆ విద్య నెఱిగినవారు చెప్పిన ఆలోచన యెప్పుడు చెవికెక్కినదో, ఎక్కని నాడు ఏమి జరిగినదో నేడు మీకు విన్నవించెదను.

మన యూరి డొంకలో రెండు ఎడ్లబండ్లు ఎదురుపడినచో ఒకడు తన బండిని ప్రక్కకు దించును, రెండవవాడు సాగిపోవును. రైలుబండికి ప్రక్కకు దిగు స్వాతంత్ర్యము లేదు. ఇనుముపై ఇనుము దొరలుటవలన ఆ బండికి పరుగు సులభము, నిలుకడ కష్టము. వేగముగా పోవు బరువైన బండి నిలువవలెనన్న వందలకొలది గజములు కావలెను, ఒక్కొక్కప్పుడు మైలుకు దగ్గఱగా పట్టును. అడ్డము కంటబడిన తరువాత ఆపుదమనుకొన్న డ్రైవరునకు తఱచుగా వ్యవధి చాలదు. కావున కన్ను పోలేని చోటికి మాట ముందుగా పోవలెను.

ఇంగ్లండు దేశమున రైలుమార్గములు పుట్టిన తొలినాళ్లలో ఈ మాట లేకుండెను. దానికి బదులు గడియారమును నమ్మిరి. ఒక బండి పోయిన పిదప కొన్ని నిమిషములు గడచినచో రెండవ బండిని విడుచుచుండిరి. ముందుబండి యీపాటికి దూరము పోయియుండునని వారి యూహ. ఆ బండి నడుమదారిలో ఇంజను చెడి నిలిచిపోయినచో గడియారమున కా సంగతి తెలియదు గదా! కాలము గడచినదనుట వేఱు, దారి తీఱినదనుట వేఱు. ఈ భేదమును మొదట స్పష్టముగా గుర్తించినవారిలో ముఖ్యుడు విలియం ఫాదర్గిల్ కుక్ అను నాతడు.

ఈతనికి మనతో కొంత సంబంధము కలదు. యౌవనమున ఈతడు తూర్పిండియా కంపెనీవారి మద్రాసు దేశీయ పదాతిదళమున ఉద్యోగియై యుండి స్వదేశమునకు మరలెను. పిదప జర్మనీలోని హైడెల్బర్గు నగరమున వైద్యశాస్త్ర సంబంధమైన చదువులో నుండగా, 1836లో, విద్యుత్తుచే సూదిని కదలించి వార్త పంపు ప్రయోగమును చూచెను. చూచిన వెంటనే వైద్యమును విడిచి ఈ విద్యనే పట్టెను. లండనులో ఆచార్యుడైన వీట్‌స్టను అతనికి తోడయ్యెను. 1837 జూలైలో లండను నగరపు యూస్టను స్టేషనుకును కామ్డెనుకును నడుమ తంతి వేసి వారు తమ యంత్రమును చూపిరి. అచ్చట ఎత్తుపైకి బండ్లను త్రాళ్లతో లాగు యంత్రశాల యుండెను. లాగుమని క్రిందినుండి పైకి తెలుపుటకు ఆ తంతి చక్కగా పనిచేసెను. ఐనను రైలు కంపెనీవారు దానిని వలదని, గాలిచే మ్రోగు ఈలతో సరిపెట్టుకొనిరి. నిపుణుని యాలోచన త్రోసివేయబడుట అది మొదటిసారి, కడసారి మాత్రము కాదు.

1839లో గ్రేట్ వెస్టరను రైల్వేవారు పాడింగ్టనునుండి వెస్ట్ డ్రేటను వఱకు 13 మైళ్లు తంతి వేయించిరి. 1843లో అది స్లౌ పట్టణము వఱకు సాగెను. 1845 జనవరి 1వ తేదీన ఒక హంతకుడు స్లౌలో రైలెక్కి లండనుకు పాఱిపోగా, వాని గుఱుతులు తంతిపై వానికంటె ముందుగా చేరినవి. వాడు పట్టుబడెను. ఆ దినముతో తంతి పేరు దేశమంతట మ్రోగెను. హంతకుని పట్టినందులకు లోకము దానిని మెచ్చినది. బండ్లను కాపాడగలదన్న సంగతిని మాత్రము అంతగా లెక్కపెట్టలేదు.

కుక్ 1842లోనే ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. మార్గమును భాగములుగా విభజింపుడు, భాగమునకు భాగమునకు నడుమ తంతిని నిలుపుడు, ముందుబండి ఒక భాగమును విడిచినదని వార్త వచ్చువఱకు రెండవ బండిని అందులో ప్రవేశింపనీయకుడు అని అతని ఉపదేశ సారము. ఒకచోట ఒక్క బండియే యుండవలెను. సూత్రము చిన్నది. నేటికిని ప్రపంచమందలి రైలుమార్గముల క్షేమమంతయు దీనిపైననే నిలిచియున్నది. 1844లో తెఱవబడిన నార్విచ్, యార్మత్ మార్గమున, సుమారు 20 మైళ్లు, ఈ పద్ధతిని ఆచరణలో పెట్టిరి. దానిని ప్రోత్సహించిన ఇంజనీర్లలో రాబర్టు స్టీఫెన్సను ఒకడు, జార్జి పార్కర్ బిడ్డరు మఱియొకడు. బిడ్డరు రాతిపనివాని కుమారుడు. బాల్యమున పెద్ద పెద్ద గుణకారములను నోటితో చేసి చూపుచుండగా తండ్రి అతనిని ఊరూర త్రిప్పి ప్రదర్శించెను. మన గణితావధానులను చూచిన పెద్దలకు ఆ బాలుని ప్రజ్ఞ ఎట్టిదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక వినవలసిన దుఃఖవృత్తాంతమొకటి కలదు. ఏ మార్గమున ఈ పద్ధతి తొలుత ఆచరింపబడినదో ఆ మార్గముననే ముప్పది యేండ్లకు, 1874 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి, ఘోర ప్రమాదము సంభవించెను. అప్పటికి నార్విచ్ స్టేషనుకును బ్రండల్ స్టేషనుకును నడుమ ఒంటిదారిపై బండ్ల నడక తంతిలో పంపు ఉత్తరువులపై ఆధారపడియుండెను. లండనునుండి వచ్చు ఎక్స్‌ప్రెస్ ఆలస్యమయ్యెను. బ్రండల్‌లో మెయిలు బండి ఎదురుచూచుచుండెను. నార్విచ్‌లోని రాత్రి ఇన్స్పెక్టరు మెయిలును రప్పింపవచ్చునని తంతి గుమాస్తాతో ముచ్చటించెను. ఉత్తరువుపై ఇన్స్పెక్టరు చేవ్రాలు పడవలెనని నియమము. చేవ్రాలు లేకయే గుమాస్తా వార్తను పంపెను. ఇంతలో ఇన్స్పెక్టరు ఎక్స్‌ప్రెస్‌ను విడిచెను. ఎవని మనస్సులోని సంగతి వానికి నిజమే. ఇద్దఱి నిజములును కలసి ఒంటిదారిపై రెండు బండ్లను ఎదురెదురుగా నడపెను. తప్పు తెలియగానే మెయిలు నాపుమని తంతి కొట్టిరి. బయలుదేరినదని జవాబు వచ్చెను. ఆ జవాబునకును థార్పు వద్ద బండ్లు ఢీకొనుటకును నడుమ గడచిన నిమిషములలో, జరుగనున్నది తెలిసియు చేయునది లేక ఆ స్టేషనులోని వారు అనుభవించిన వేదన మాటలకు అందదు. 25 మంది మరణించిరి.

ఈ ప్రమాదమున తంతి చెడలేదు, విద్యుత్తు చెడలేదు. మాట అతి వేగముగను చక్కగను చేరెను. చేరకూడని మాట చేరెను. వేగమొక్కటే క్షేమమని నమ్మినవారికి ఇది పెద్ద పాఠము. ఈ పాఠమును గ్రహించి ఎడ్వర్డు టయ్యరు అను ఇంజనీరు 1878లో ఒక యంత్రమును కల్పించెను. రెండు స్టేషనులలో రెండు పెట్టెలు, వానిని కలుపు తంతి, పెట్టెలలో గుండ్రని లోహపు పలకలు. ఇరువురు స్టేషను మాస్టరులును సమ్మతించి మీటలు నొక్కినగాని ఒక పలక వెలికి రాదు. ఒకటి వెలికి వచ్చినచో, అది మఱల ఏదో యొక పెట్టెలో చేరువఱకు రెండవది రాదు. పలక చేతిలో లేనిదే డ్రైవరు ఒంటిదారిలో ప్రవేశింపరాదు. ఇందలి విశేషమును గమనింపుడు. అనుమతి యిచ్చితిననుట ఒక మాట, దానిని ఇద్దఱు రెండు విధములుగా తలపవచ్చును. పలక ఒక వస్తువు. అది ఉన్నచో ఉన్నది, లేనిచో లేదు. ఎగిరిపోవు మాటకు టయ్యరు ఒక శరీరమును కల్పించెను.

మన దేశమున ఒంటిదారి మార్గములపై ఇదే సూత్రముపై నడచు నీల్ అనువాని పేరి యంత్రము బహుళముగా వ్యాపించెను. దానిలో పలకకు బదులు లోహపు గోళము. ఆ గోళమును తోలుసంచిలో నుంచి, సంచిని పెద్ద వలయమునకు కట్టి, ప్లాటుఫారముపై నొకడు ఎత్తి పట్టుకొనును. ఇంజనునుండి వంగిన మనిషి, బండి పోవుచుండగనే, తన చేతిని వలయములో దూర్చి దానిని లాగుకొనును. మీలో పలువురు ఈ దృశ్యమును చూచియుందురు, నేనును చూచితిని. ఆ వలయము డ్రైవరునకు దారిపై కొంతసేపటికి ఇచ్చిన పట్టా వంటిది.

ఇంగ్లండులో కుక్ చెప్పిన సూత్రము అన్ని మార్గములపై చట్టబద్ధమగుటకు మఱియొక విపత్తు కావలసివచ్చెను. 1889 జూన్ 12వ తేదీన ఐర్లండులోని ఆర్మా పట్టణమునుండి పిల్లలతోను పెద్దలతోను విహారమునకు పోవు బండి యొకటి ఎత్తుపై నిలిచిపోయెను. బండిని విడదీసి ముందుభాగమును కొనిపోవుదమని యత్నింపగా వెనుక పెట్టెలు పల్లమునకు జాఱెను. గడియారమును నమ్మి ఇరువది నిమిషముల పిదప విడిచిన రెండవ బండి ఎదురుగా వచ్చుచుండెను. సుమారు 80 మంది చనిపోయిరి, అందు పిల్లలు పలువురు. ఆ యేడే పార్లమెంటు చట్టము చేసి, దారిని భాగములుగా విభజించు పద్ధతిని, ప్రయాణికుల బండ్లకు తమంతట తామే పట్టుకొను బ్రేకులను విధించెను. 1842లో చెప్పిన మాట 1889లో చట్టమయ్యెను. నడుమ 47 సంవత్సరములు! చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యని మనవారు దీనినే యందురు.

ఇక మన దేశపు సంగతి. 1839లోనే డాక్టరు ఓషానసీ కలకత్తా సమీపమున తంతిప్రయోగములు చేసెను. 1851లో కలకత్తాకును డైమండ్ హార్బరుకును నడుమ తంతి పనిచేయసాగెను. 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి నడచెను. అనగా మన దేశమున తంతి రైలుకంటె ముందే పుట్టినది. థార్పు ప్రమాదము జరిగిన 1874లోనే, నిజాము ప్రభుత్వపు ద్రవ్యసహాయమున, వాడినుండి సికిందరాబాదుకు రైలుమార్గము తెఱవబడెను. ఈ మార్గము పేరును జ్ఞప్తియందుంచుకొనుడు, మఱల దాని వద్దకు రావలసియున్నది.

తంతికి ఒక లోపము కలదు. అది స్టేషనుకు స్టేషనుకు మాటలాడగలదు గాని, పరుగెత్తు బండితో మాటలాడలేదు. బండి స్టేషను దాటినచో, మెయిలు నాపుమన్న నార్విచ్ తంతివలె, ఎంత కేకవైచినను దానికి వినబడదు. ఈ లోపమును తీర్చినది రేడియో. 1895లో జగదీశచంద్ర బోసు కలకత్తాలో తంతి లేని తరంగముల శక్తిని ప్రదర్శించెను. 1896లో మార్కోనీ ఇంగ్లండులో తన పద్ధతికి పేటెంటు కోరెను. 1913లో అమెరికాలోని లాకవానా రైల్వేవారు నడచు బండిలో మార్కోనీ యంత్రమును పెట్టి వార్తలు నడపి చూచిరి. ఇప్పుడు మీ యింటికి నా కంఠమును తెచ్చుచున్న తరంగములకును, గార్డు డ్రైవరుతో మాటలాడు చేతిపెట్టెలోని తరంగములకును జాతి యొక్కటే.

రేడియో వచ్చినంతనే చింత తీఱలేదు. థార్పులో తంతిపై పోయిన తప్పుమాట రేడియోలోనైనను తప్పుమాటయే, మఱింత వేగముగా పోవును. పైగా తరంగముల దారిలో చిక్కులు పెక్కు. కొండను త్రవ్విన కోతలోను, సొరంగములోను అవి అందవు. బండ్లను నడపు 25,000 వోల్టుల విద్యుత్తంతి క్రింద యంత్రములకు అలజడి కలుగును. ఒక స్టేషను మాట ప్రక్క స్టేషనులో చొరబడును. విద్యుత్తు ఆగినచో యంత్రము మూగపోవును. ఈ చిక్కులను ముందుగా కనిపెట్టి చెప్పుటయే ఈ రంగమున ఆలోచన చెప్పు నిపుణుల వృత్తి. వారు మార్గమంతయు నడచి తరంగము ఎచ్చట బలముగా నుండునో, ఎచ్చట క్షీణించునో కొలుతురు. స్తంభములు ఎచ్చట నిలుపవలెనో, ఎంత యెత్తున నిలుపవలెనో నిర్ణయింతురు. ఒక యంత్రము పడినచో బదులు నిలుచు రెండవ యంత్రమును, బ్యాటరీని ఏర్పఱతురు. అన్నిటికిని మించి, మాట అందనప్పుడు ఏమి చేయవలెనో నియమము వ్రాయుదురు. మాట అందకున్నచో బండి ఆగవలెను గాని సాగరాదు. ఈ ఒక్క వాక్యము వారి శాస్త్రమునకు మూలసూత్రము.

ఇట్టి విద్యకు మన తెలుగునేల కేంద్రమగుట సంతోషింపదగినది. 1957లో సికిందరాబాదున సిగ్నళ్లను, దూరవార్తలను బోధించు భారతీయ రైల్వే విద్యాలయము స్థాపింపబడెను. దేశపు నలుమూలలనుండి ఉద్యోగులు వచ్చి అచ్చట శిక్షణ పొందుదురు. ఆ యేడే రైల్వేల పరిశోధనకును ప్రమాణముల నిర్ణయమునకును ఆర్.డి.ఎస్.ఓ. అను సంస్థ ఏర్పడెను, దాని నివాసము లక్నో. 1974లో రైట్స్ అను ప్రభుత్వసంస్థ ఏర్పడి మన దేశమునకే గాక పరదేశములకును రైలుమార్గ విషయములలో ఆలోచన చెప్పసాగెను.

ఆర్.డి.ఎస్.ఓ. వారు 2012 నుండి పెంపొందించిన సాధనమే నేడు కవచమని పేరొందినది. 2016లో ప్రయాణికుల బండ్లపై దాని పరీక్షలు ఆరంభమయ్యెను. ఎచ్చటనందురా? లింగంపల్లి, వికారాబాదు, వాడి, బీదరు భాగములలో. 1874లో తెఱవబడిన ఆ వాడి మార్గమే దీనికి పరీక్షాస్థల మయ్యెను. దీని పని యిట్టిది. పట్టాల నడుమ స్లీపరులపై చిన్న చిన్న బిళ్లలు పొదుగుదురు. ఇంజను వానిపైగా పోవునప్పుడు వానిని చదివి తానెచ్చట నున్నదో తెలిసికొనును. స్టేషనులోని యంత్రము ముందున్న సిగ్నలు ఎఱుపో పచ్చయో రేడియో ద్వారా ఇంజనుకు చెప్పును. పొగమంచులో డ్రైవరు కంటికి సిగ్నలు కానరాకున్నను అతని యెదుట నున్న పలకపై అది కానవచ్చును. ఎఱుపును దాటబోయినచో యంత్రము తానే బ్రేకు వేయును. 2020లో దీనిని దేశీయ రక్షణ పద్ధతిగా స్వీకరించిరి. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషనుల నడుమ, ఆ మార్గముననే, రైల్వే మంత్రి స్వయముగా ఇంజనులో కూర్చుండగా, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరమున బండి తనంత తానే ఆగెను. 2024 నాటికి దక్షిణమధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల దారిపై ఈ సాధనము అమర్పబడెను.

ఇట్టి యంత్రమును చేసినవారు తమ పని మంచిదని తామే ధ్రువపఱుపరాదు. వేఱుగా నిలిచిన పరీక్షకులు వచ్చి, ప్రతి భాగమును ఇది చెడినచో ఏమగునని ప్రశ్నించి, తృప్తిచెందిన పిదపనే పత్రము నిత్తురు. కుమారుని పరీక్షాపత్రమును తండ్రి దిద్దరాదని బడిలో మేము పాటించు నియమము వంటిదే యిది.

ఐనను కవచమున్నచో చాలునని నిద్రింపరాదు. మాటకు మూడు విధములైన చేటు కలదు. మాట తారుమారగుట మొదటిది, దానికి థార్పు సాక్షి. మాట అసత్యమగుట రెండవది. 2023 జూన్ 2వ తేదీన ఒడిస్సాలోని బహనాగ వద్ద, సిగ్నలు తంతుల మార్పులో జరిగిన లోపమువలన, దారి ప్రక్కకు తిరిగియుండగా నేరుగా పొమ్మని పచ్చదీపము వెలిగెను. 290 మందికి పైగా మరణించిరి. మాట పాటింపబడకుండుట మూడవది. ఆ యేడే అక్టోబరు 29వ తేదీ రాత్రి మన విజయనగరము జిల్లాలో, కంటకాపల్లి, అలమండల నడుమ, ఒక ప్రయాణికుల బండిని వెనుకనుండి వచ్చిన మఱియొక బండి ఢీకొనెను. 14 మంది మరణించిరి. వెనుకబండి, చెడియున్న సిగ్నళ్లను నియమము తప్పి దాటెనని రైల్వేవారి ప్రాథమిక విచారణలో తేలినది. ఆ బండి నడపినవారును మృతులలో నుండిరి. తమ పక్షము చెప్పుకొనుటకు వారు మిగులలేదు. ఆ మార్గమున అప్పటికి కవచము లేదు. గుల్లగూడ వద్ద ప్రయోగము జరిగి ఇరువది మాసములు కాలేదు. నిపుణులు చెప్పిన దానికిని, అది అన్ని దారులకు చేరుటకును నడుమ గడచు కాలమున ఎవరి బిడ్డలు ఆ బండ్లలో ప్రయాణము చేయుచుందురు? మన బిడ్డలే గదా! 47 సంవత్సరముల ఆలస్యమును పరదేశపు కథగా విని ఊరకుండరాదని నా మనవి.

ఈ విషయమున గ్రామములవారు చేయదగినది యొకటి కలదు. మన యూరి ప్రక్క రైలుగేటు నొకమాఱు గమనింపుడు. స్టేషను మాస్టరు టెలిఫోనులో బండి వచ్చుచున్నదని చెప్పును. గేటు వేసితినని కాపలాదారు బదులు చెప్పును. పలు గేట్ల వద్ద ఆ మాటతోబాటు ఒక అంకెను గూడ ఇచ్చిపుచ్చుకొని, దానిని పుస్తకమున వ్రాసికొందురు. ఆ అంకెను మున్ముందుగా ఊహించి చెప్పుటకు వీలులేదు. ఎదుటివాడు నిజముగా విని చెప్పెననుటకు అదియే సాక్ష్యము. టయ్యరు పలకవలె ఇదియు మాటకు కల్పించిన శరీరమే. మన పిల్లలు గేటు తీయుమని ఆ కాపలాదారుని నిర్బంధించునప్పుడు, గేటు క్రిందుగా దూఱునప్పుడు, ఆ మాటను వారు అబద్ధము చేయుచున్నారు. పట్టాల ప్రక్క తంతులను త్రెంచి అమ్ముకొనువాడు రాగిని దొంగిలించుట లేదు, వార్తను దొంగిలించుచున్నాడు. ఈ సంగతిని రచ్చబండపై నాలుగు మాటలలో చెప్పగల పెద్దలు మీరు. యంత్రమును పంపుట ప్రభుత్వము పని. ఇచ్చిన మాట నిలుపుకొనుట పెద్దలను చూచి పిల్లలు నేర్వవలసిన పని.